ఊడ్చిన పొలం

తెల్లవారి అయిదున్నరకి పెద్దాయన ట్రాక్టరు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, తన పని తానే చూసుకుని మురిసిపోయాడు.

రోడ్డు పక్క మడి అద్దంలా ఉంది. నిన్నటిదాకా అక్కడ పోయిన పంట మొక్కజొన్న చొప్ప ఎలా పడితే అలా పడి ఉండేది. ఇప్పుడు పుల్ల ఒక్కటి లేదు. ఎర్రటి నేల నున్నగా దువ్విన తలలా మెరుస్తోంది. రెండు గంటలు పట్టింది. ట్రాక్టరు వెనక పళ్ళ దంతె తగిలించి, ఇంకా మొలవని విత్తనం కదలకుండా పైపైన లాగి, చొప్పంతా పోగుచేసి, వాలు దిగువకి నెట్టేశాడు.

సరిగ్గా మూడున్నర గంటల్లో ఈ మడే ఇంటిల్లిపాది మెడకి చుట్టుకోబోతోందని ఆయనకి తెలియదు. తెలిస్తే అంత మురిసిపోయేవాడు కాదు.

ఆయన్ని చుట్టుపక్కల ‘దారం’ పెద్దాయన అంటారు. దారం పట్టి గీసినట్టు దున్నేవాడని ఆ పేరు. వయసులో ఉండగా దుక్కి పోటీల్లో మూడుసార్లు మొదటి బహుమతి కొట్టాడు. ఆ మూడు కప్పులూ హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాయి. ఆ పోటీల్లో న్యాయనిర్ణేతలు చేతికర్ర పట్టుకుని సాళ్ళ వెంట వంగి నడిచేవాళ్ళు. దున్నిన నేలలోంచి గడ్డిపరక పైకి కనిపిస్తే ఒక మార్కు కోత. మూడోసారి ఆయనకి ఒక్క మార్కూ పోలేదు. అప్పటినుంచీ పొలంలో పుల్ల కనిపిస్తే కంట్లో నలుసు పడ్డట్టు ఉంటుంది ఆయనకి.

అలాంటి మనిషి ఇంట్లోకి నిరుడు నేల సంరక్షణ శాఖవాళ్ళ చీటీ వచ్చింది.

ఆయన పొలం సగం వాలు మీద ఉంది. శాఖ లెక్కలో అది ‘కోసుకుపోయే నేల’. వాన పడితే పైమట్టి నీళ్ళతో పాటు దిగిపోయే రకం. అలాంటిచోట విత్తిన తర్వాత కూడా నేల మీద నూటికి ముప్ఫై వంతులైనా పాత చొప్ప కప్పి ఉండాలి. వాలు కింద పల్లం ఉంది. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళు నిలిచి, తుంగా జమ్మూ మొలిచే చిత్తడి. దానికి కాలవ తీసి నీళ్ళు వదలకూడదు, దాన్ని పూడ్చకూడదు. నిరుడు కొడుకు తండ్రి నేర్పినట్టే వాలంతా పై నుంచి కిందికి శుభ్రంగా దున్నాడు. శాఖ ‘తప్పింది’ అని రాసింది. రెండో ఏడూ తప్పితే మొత్తం పొలం జాబితాలోంచి తీసేస్తారు. మూడేళ్ళపాటు పంట బీమా లేదు, విత్తనం లేదు, కాలవ నీళ్ళు లేవు.

కొడుకు పాల లారీ తోలతాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అందుకని ఈ ఏడు పొలం కోడలు చేతిలోకి తీసుకుంది. శాఖవాళ్ళ నియమాల పుస్తకాన్ని అట్ట ఊడిపోయేదాకా చదివింది. నాగలి ముట్టనివ్వలేదు. దున్నకుండా విత్తే యంత్రం అద్దెకి తెచ్చి, చొప్ప మధ్యలోంచే సోయా విత్తించింది. విత్తనం పడిన ఆ పది రోజులూ పెద్దాయన పొలం వైపు వెళ్ళలేదు. వెళితే చూడలేనన్నాడు.

అవతలి గట్టు ఆసామి మాత్రం తనివితీరా చూశాడు. ఆయన పేరు ‘దుర్భిణి’. ఎవరి పొలంలో ఏం జరిగినా ముందు ఆయనకి తెలుస్తుంది.

"ఏం బావా, కప్పులు కొట్టినవాడి పొలం కోళ్ళు గీరిన పెంటలా ఉందేంటి?" అన్నాడు రోడ్డు మీద నలుగురి ముందు. "చీపురు కావాలంటే మా ఇంట్లో ఉంది, పంపమంటావా?"

ఆ మాట పెద్దాయన గుండెల్లో దిగబడిపోయింది. అందుకే, ఆఫీసరు తనిఖీకి వచ్చే రోజు, కోడలు లేవకముందే లేచి ట్రాక్టరు తీశాడు. వాలంతా ముట్టుకోలేదు. రోడ్డుకి కనిపించే మడి ఒక్కటే. వెనకంతా చొప్ప ఉండనే ఉంది, నియమానికి అది చాలదా అనుకున్నాడు. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే వాకిలి ఊడవరూ? ఇదీ అంతే.

కోడలు టీ గ్లాసు పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

"చొప్ప ఏది మామయ్యా?"

"ఎలా ఉందమ్మా? కారు దిగంగానే కళ్ళకి చలవగా ఉండాలని..."

"చొప్ప ఏదండీ?"

"తీసేశా. ఈ ఒక్క మడేలే."

ఆమె గ్లాసు ఆయన చేతికివ్వలేదు. జాగ్రత్తగా గట్టు మీద పెట్టింది. అరిచే మనిషి కాదు. గొంతు తగ్గిందంటే మాత్రం ఇంట్లో అందరూ సర్దుకుని కూర్చుంటారు. ఇప్పుడు గొంతు బాగా తగ్గింది.

"మూడు చోట్ల కొలుస్తారు మామయ్యా. ఎక్కడ తక్కువ వస్తే అదే లెక్క. సగటు చూడరు."

పెద్దాయన మొహంలో చలవ తగ్గింది.

"తీసింది ఎక్కడ వేశారు?"

ఆయన వాలు దిగువకి చూశాడు. కోడలూ చూసింది. పల్లం ఒడ్డున, జమ్ము మొక్కల మీద ఎడ్లబండి ఎత్తు చొప్ప పోగు. సగం నీళ్ళలోకి జారి ఉంది.

"పల్లంలోనా?"

"ఎందుకూ పనికిరాని గుంటే కదమ్మా..."

"అది పూడ్చడం కిందికి వస్తుంది." కోడలు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "పొద్దున్నే రెండు తప్పులు. నిరుడు ఏడాదంతా కలిపి ఒకటే చేశాం."

ఆరుంపావు. ఆఫీసరు తొమ్మిదింటికి వస్తుంది. పడమటి వైపు ఆకాశం నల్లగా ఉబ్బుతోంది.

పెద్దావిడకి కబురు వెళ్ళింది. ఆవిడ చీర ఎగదోపుకుని, పంగల కర్ర భుజాన వేసుకుని వచ్చి, సంగతి విని, మొగుడి వంక ఎగాదిగా చూసింది.

"నలభై ఏళ్ళ కాపురంలో ఇల్లు ఒక్కసారైనా ఊడ్చారా? ఇవాళ పొలం ఊడ్చారు. సంతోషం."

"చాల్లేవే, లాగు."

ముగ్గురూ మోకాలి లోతు నీళ్ళలో దిగారు. తడిసిన చొప్ప బరువు. లాగిన కొద్దీ జమ్ము మొక్కలు పట్టుకుని వదలలేదు. పెద్దాయన పాదాలకింద బురద మెత్తగా కుంగింది. ఈ పల్లంలో ఆయన ఎప్పుడూ దిగలేదు. దీనికి కాలవ తవ్వి ఎండగడితే ఎకరం కలిసొస్తుందని మాత్రం ఏటా లెక్కేసుకునేవాడు. ఒక నీటికోడి కీచుమంటూ ఆయన కాళ్ళ పక్కనుంచే పోయింది. అది లేచినచోట తుంగ మధ్య నాలుగు గుడ్లు. పోగు ఇంకో బారెడు జారి ఉంటే వాటి మీదే పడేది. ఆయన ఎవరికీ చెప్పకుండా, ఆ పక్క చొప్పని చేత్తోనే ఒక్కో కట్టా తీశాడు.

ఎనిమిదికి పల్లం శుభ్రమైంది. చొప్పని ట్రాలీలోకి ఎత్తి మడిలో మళ్ళీ పరచడం మొదలుపెట్టారు.

"త్వరగా పరిచేస్తే సరి," అన్నాడు పెద్దాయన చెమట తుడుచుకుంటూ. "ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటుంది. మనం నోరెత్తక్కర్లేదు."

కోడలు చేతులు ఆపలేదు. "పరుస్తున్నది నేల కోసం మామయ్యా. వాన వచ్చేలా ఉంది. ఆవిడ కోసం కాదు. ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్తాను."

"జాబితాలోంచి తీసేస్తే?"

"అప్పుడు చూద్దాం. నేను కష్టపడి నిలబెట్టిన పొలానికి అబద్ధం తోడివ్వను."

ఆ మాట పెద్దాయనకి ఎక్కడో తగిలింది. తగిలినట్టు కనపడనివ్వలేదు.

తొమ్మిదికి ఇంకా అయిదు నిమిషాలుందనగా జీపు వచ్చింది. మడి సగమే పరిచారు. రోడ్డు వైపు సగం అద్దంలాగే ఉంది.

ఆఫీసరు నడివయసు మనిషి. బురద బూట్లు, భుజాన సంచి, చేతిలో టాబ్. ముడులు వేసిన పొడవాటి తాడు ఒకటి చుట్ట చుట్టి తెచ్చింది. తాడుకి నూరు ముడులు. దాన్ని సాళ్ళకి అడ్డంగా, ఏటవాలుగా లాగి పరుస్తారు. ఏ ముడి కింద చొప్ప ఉంటే అది లెక్కకి వస్తుంది. నూటికి ఎన్ని ముడులో, నేల అంత వంతు కప్పి ఉన్నట్టు.

"ఎక్కడ కొలవాలో నేను ఎంచను," అందావిడ. "ఇదిగో, ఈ టాబ్‌లో మూడు చుక్కలు పడతాయి. నాకూ సంబంధం లేదు, మీకూ సంబంధం లేదు."

మొదటి చుక్క వాలు నడినెత్తిన పడింది. పెద్దాయన తాడు కొస పట్టుకున్నాడు. ఆఫీసరు వంగి, ఒక్కో ముడీ దాటుతూ నడిచింది. ఎనభై ముడుల దాకా పెద్దాయన కూడా పెదాల్లో లెక్కపెట్టాడు.

"యాభై నాలుగు."

రెండో చుక్క పల్లానికి దగ్గర. నలభై తొమ్మిది. ఆఫీసరు కోడలి వైపు చూసి తలూపింది. "నిరుడు ఇక్కడే పన్నెండు వచ్చింది. గుర్తుందా?"

"మర్చిపోతానా మేడమ్."

ఆ రెండు ముక్కలకే పెద్దాయన మెడ కాస్త నిటారుగా అయింది. తనకి తెలియకుండానే. ముందుగా విత్తిన ఆ చోట చొప్పలోంచి సోయా మొలకలు తల ఎత్తి ఉన్నాయి. సాళ్ళు దారం పట్టినట్టున్నాయి. ఇంతవరకూ ఆయన చెత్తే చూశాడు, దానిలోంచి పోతున్న వరసలు చూడలేదు.

మూడో చుక్క. ఆఫీసరు టాబ్ తిప్పి చూసుకుంది. "రోడ్డు పక్క మడి. గేటు నుంచి నలభై అడుగులు."

సరిగ్గా ఊడ్చిన సగం.

నలుగురూ నడిచారు. అవతలి గట్టు మీద దుర్భిణి గొడుగు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏదీ వదలకుండా చూస్తూ. ఆఫీసరు దారిలో ఫోను మాట్లాడుతూ ముందు నడుస్తోంది. పెద్దాయన లోపల రెండు గొంతులు కొట్టుకుంటున్నాయి. ఇప్పుడు ఒక్క మాట చాలు. అటు పాములున్నాయమ్మా, నిన్ననే చూశాం, పైకి రండి అంటే చాలు. మనుషులు పాము మాటని వాదించరు.

కోడలు గొంతు సవరించుకుంది. చెప్పబోతోందని ఆయనకి అర్థమైంది. తన తప్పుని ఆ పిల్ల నెత్తిన వేసుకోబోతోంది. పొలం బాధ్యత ఆమెది, సంతకం ఆమెది. నిందా ఆమెకే పోతుంది.

"మేడమ్," అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "తాడు విప్పకముందే ఒక మాట."

ఆఫీసరు ఫోను దించింది.

"ఇక్కడ చొప్ప లేదు. నేను తీసేశాను. ఇవాళ తెల్లవారుజామున. తీసిన చొప్ప ఆ పల్లంలో పడేశాను. ఆరింటికి మా కోడలు చూసింది. రెండు గంటలు నీళ్ళలో నిలబడి పల్లంలోంచి తీశాం. ఆమెకి ఏ పాపం తెలియదు. పొలం అంతా ఆమె పద్ధతిలో ఉంది. ఈ ముక్క ఒక్కటే నాది."

ఆఫీసరు ఫోను సంచిలో వేసుకుంది. "ఎందుకు తీశారు?"

పెద్దాయన తల వంచుకున్నాడు. "మీరొస్తున్నారని."

"అంటే?"

"శుభ్రంగా ఉండాలని."

వెనకనుంచి పెద్దావిడ అందుకుంది. "మంచినీళ్ళ గ్లాసు కూడా కడిగి పెట్టని మనిషమ్మా. మీ కోసం రెండెకరాలు ఊడ్చాడు. మీరు మాకు ఎంత గొప్పవారో అర్థం చేసుకోండి."

ఆఫీసరు పెదాలు బిగించుకుంది. ఆగలేక నవ్వేసింది. "పదహారేళ్ళ ఉద్యోగం నాది. రాత్రికి రాత్రి దున్ని, పైన గడ్డి చల్లి దాచినవాళ్ళని చూశాను. నన్ను మరో పొలంలోకి తీసుకెళ్ళి ఇదే మాది అన్నవాళ్ళని చూశాను. నా కోసం పొలం ఊడ్చినవాళ్ళని చూడలేదు." వెంటనే మొహం మామూలైపోయింది. "అయినా కొలవాలి. తాడు పట్టుకోండి."

పెద్దాయన పట్టుకున్నాడు.

"తొమ్మిది."

అంతలో మొదటి చినుకు టాబ్ మీద పడింది. రెండోది కనిపించలేదు, ఒక్కసారిగా ఆకాశం కుమ్మరించేసింది. నలుగురూ పరుగెత్తి ట్రాక్టరు షెడ్డులో దూరారు. రేకుల మీద వాన మోతకి మాటలు వినపడలేదు. చూడ్డమే మిగిలింది.

పది నిమిషాల్లో ఊడ్చిన సగంలో వేలెడు వెడల్పు గీతలు పడ్డాయి. గీతలు కలిసి పిల్లకాలవలయ్యాయి. అవి ఎర్రగా, చిక్కగా, ఆబగా కిందికి దూకాయి. ఆ పక్కనే కోడలు చొప్ప పరిచిన సగంలో నీళ్ళు ఎటు వెళ్ళాలో తెలియక తచ్చాడుతున్నాయి. పుల్ల దగ్గర ఆగి, ఇంకి, మిగిలింది నిదానంగా జారుతోంది. పెద్దాయన కళ్ళార్పలేదు. యాభై ఏళ్ళు ఆయన వానని ఇంట్లోంచి విన్నాడు. పొలం అంచున నిలబడి ఎప్పుడూ చూడలేదు.

"అది మట్టేనా పోతోంది?" అన్నాడు వాన తగ్గాక.

"మీ తాతలదీ, మీదీ," అంది ఆఫీసరు. సంచిలోంచి రెండు ఖాళీ నీళ్ళ సీసాలు తీసి కోడలికి ఇచ్చింది. "అటొకటి, ఇటొకటి పట్టండి. రిపోర్టుకి ఫోటో కావాలి."

ఒక సీసాలో నీళ్ళు ఇటుక రంగులో వచ్చాయి. రెండోది పలచటి టీలా ఉంది.

పెద్దాయన వాన చినుకుల్లోనే కిందికి నడిచాడు. ఎర్రనీళ్ళు పల్లంలో దిగుతున్న చోట ఆగాడు. తుంగ మధ్య నీళ్ళు ఒక్కసారి నెమ్మదించాయి. మట్టి కాడలకి అంటుకుని అడుక్కి దిగింది. పల్లం అవతలి కొసన, వాగులోకి పొర్లుతున్న నీళ్ళు దాదాపు తేటగా ఉన్నాయి. తాను చేసిన తప్పుని, ఎందుకూ పనికిరాదనుకున్న గుంట ఎవరికీ చెప్పకుండా కడిగేస్తోంది. ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నీటికోడి తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఆయన్ని ఒకసారి చూసి, తల తిప్పుకుంది.

షెడ్డులోకి వచ్చేసరికి ఆఫీసరు రాయడం మొదలుపెట్టింది.

"వినండి," అంది. "తొమ్మిది అంటే తప్పినట్టే. అందులో నేను చేయగలిగింది లేదు."

కోడలు తల నిలిపే ఉంచింది. చెంగు కొసని మాత్రం వేళ్ళకి చుట్టుకుంది.

"కానీ పద్నాలుగో నియమం ఒకటుంది. కొలవక ముందే రైతు తనంతట తాను తప్పు చెప్పి, సరిదిద్దే పని అప్పటికే మొదలుపెట్టి ఉంటే, ముప్ఫై రోజుల గడువు ఇవ్వొచ్చు. జాబితాలోంచి తీయక్కర్లేదు. కొలిచాక చెబితే పనికిరాదు." ఆవిడ కలం ఆపి పెద్దాయన వైపు చూసింది. "ఈ నియమం మీకు ముందే తెలుసా?"

"నాకు నియమాలేం తెలుసమ్మా. పుస్తకం కోడలు చదివింది."

"నీకు తెలుసా?" అని కోడలిని అడిగింది.

"తెలుసు మేడమ్," అంది కోడలు. "అందుకే మామయ్యకి చెప్పలేదు. నియమం ఉందని చెబితే, ఆయన చెప్పినా అది గడువు కోసం చెప్పినట్టవుతుంది. నేనే చెబుదామనుకున్నా. ఆయన నాకంటే ముందు అందుకున్నారు."

ఆఫీసరు రిపోర్టులో రాస్తూ, రాసింది పైకి చదివింది. "‘కొలతకి ముందే కుటుంబ పెద్ద స్వయంగా తెలిపారు.’" కింద కోడలి చేత సంతకం చేయించింది. పక్కన పెద్దాయన్నీ చేయమంది.

జీపు వెళ్ళగానే దుర్భిణి గొడుగు ముడిచి రోడ్డు దాటి వచ్చాడు. చూసిందంతా చూశాడు, వినపడనిదొక్కటే తక్కువ.

"ఏమైంది బావా? సగం ఊడ్చి సగం వదిలేశావేం?"

"ఊడ్చిన సగం మా పరువు," అన్నాడు పెద్దాయన. "అది వాగులో కలిసింది, వెళ్ళి ఏరుకో. ఊడవని సగం మా కోడలిది. అదిగో, అక్కడే ఉంది." అని ఆగి, "నీ పొలంలో చొప్ప కాల్చేస్తావుగా, ఈసారి కాల్చకు. ట్రాలీ పంపుతా," అన్నాడు.

దుర్భిణి గొడుగు విప్పి, మళ్ళీ ముడిచాడు. అది చూసి పెద్దావిడ మంచినీళ్ళు ఇచ్చింది.

ముప్ఫై రోజులూ పెద్దాయన ఆ మడిని వదల్లేదు. దుర్భిణి పొలంలోంచి ఆరు ట్రాలీల చొప్ప తెచ్చి, మొలకల మీద పడకుండా సాళ్ళ మధ్యన చేత్తో పరిచాడు. వాన కోసిన గీతలకి అడ్డంగా గడ్డి కట్టలు పెట్టాడు. నులక తాడు ఒకటి తెచ్చి, వరండాలో కూర్చుని నూరు ముడులు వేశాడు. పెద్దావిడ పక్కనే కూర్చుని, తొంభై ఏడే ఉన్నాయని పందెం కాసి ఓడిపోయింది. రోజూ పొద్దున్నే ఆ తాడు పరిచి కొలవడం, కొలిచిన అంకె హాల్లో కేలండరు మీద రాయడం. మొదటివారం ముప్ఫై ఒకటి. రెండోవారం ముప్ఫై ఎనిమిది. బీరువాలో కప్పుల పక్కన ఇటుక రంగు నీళ్ళ సీసా ఒకటి చేరింది. మట్టి అడుక్కి దిగి, మూడు వేళ్ళ మందాన పేరుకుంది.

"కప్పుల పక్కన బురద ఏంటండీ?" అంది పెద్దావిడ.

"అదీ దుక్కిలో వచ్చిందే."

ముప్ఫయ్యో రోజున జీపు వచ్చింది. ఆఫీసరు తాడు విప్పింది. అటు కొస కోడలు, ఇటు కొస పెద్దాయన. సోయా మోకాలెత్తు పెరిగింది. ఆకులు పక్కకి తొలగిస్తూ, వంగి వంగి లెక్కపెట్టి ఆవిడ లేచింది.

"నలభై ఆరు. ఇక తప్పు లేదు."

కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. కొడుకు ఆ రోజు సెలవు పెట్టుకుని ఉన్నాడు. అమ్మ చేతిలోంచి టీ పళ్ళెం తీసుకుని పెళ్ళాం వైపు నడిచాడు. పెద్దాయన మాత్రం తాడు కొస వదల్లేదు.

"నలభై ఏడు మేడమ్," అన్నాడు.

"నలభై ఆరు."

"పొద్దున నేను కొలిచాను. ఇదే చోట. అరవై రెండో ముడి కింద చూడండి."

ఆఫీసరు నిట్టూర్చి, వెనక్కి నడిచి, ఆ ముడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్దాయనా పక్కన కూర్చున్నాడు. ముడి కింద పీచులాంటి పుల్ల ఒకటి ఉంది.

"అగ్గిపుల్ల కంటే సన్నం," అందావిడ. "నేలని కాపాడదు. లెక్కకి రాదు."

పెద్దాయన ఆ పుల్లని వేలి కొసన ఎత్తి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకప్పుడు ఇలాంటి పుల్లకే ఒక మార్కు కోసేవాళ్ళు.

"నిజమే, సన్నమే," అని, దాన్ని తీసినచోటే జాగ్రత్తగా పెట్టాడు.